నిఘంటువూ రాజ్యమూ: తూర్పు ఆసియా ఆకరగ్రంథాల చరిత్ర

(కొమర్రాజు వేంకట లక్ష్మణరావు స్మారకోపన్యాస పాఠం)



కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారి స్మృతిలో ప్రసంగించమని నన్ను పిలిచారు. శాసనాలు చదువుకుంటూ బతికినవాణ్ని. ఆయన పేరు మీద మాట్లాడే అవకాశం రావడాన్ని గౌరవంగా భావిస్తున్నాను. 1877లో పుట్టి 1923లో, 46వ ఏట, ఆయన కన్నుమూశారు. మునగాల సంస్థానంలో దివానుగిరీ చేస్తూనే విజ్ఞానచంద్రికా మండలిని నడిపారు. తెలుగువారికి ఒక విజ్ఞాన సర్వస్వం ఉండాలని సంకల్పించి పని మొదలుపెట్టారు. మూడు సంపుటాలు వచ్చాయి. మూడింటికీ విషయం అకారం దాటలేదు.

ఆ అసంపూర్తి పనిని ఒక మహనీయుడి అకాలమరణ విషాదంగా చెప్పుకోవడం మనకు అలవాటు. నాకు మాత్రం అది కొన్ని ప్రశ్నలు వదిలిపెట్టింది. ఒక జాతి తనకు తెలిసిందంతా ఒకచోట క్రమంలో పెట్టుకోవాలంటే ఏమేమి కావాలి? డబ్బు ఎవరు పెట్టాలి? క్రమం ఎవరు నిర్ణయించాలి? ఆ క్రమం నచ్చని ప్రభువు ఏం చేస్తాడు? వీటికి రెండువేల ఏళ్ళ పొడవునా జవాబులు దొరికేది చైనా, కొరియా, జపాన్ దేశాల్లో. అందుకే తూర్పు ఆసియా భాషాచరిత్రల అధ్యయనానికి ఆధారమైన గ్రంథాలను ఈనాటి విషయంగా తీసుకున్నాను. నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు, గ్రంథసూచికలు, రాజుల దినచర్యలు, అన్నిటినీ కలిపి ఆకరగ్రంథాలంటున్నాను.

నా వాదం ఇది. గ్రంథాలయంలో ప్రత్యేకమైన అలమరలో పెట్టి, ఇంటికివ్వకుండా కాపాడే ఈ పుస్తకాలను మనం పనిముట్లుగా చూస్తాం. తీస్తాం, కావలసిన మాట చూసుకుంటాం, పెట్టేస్తాం. తూర్పు ఆసియాలో అవి రాజ్యాధికారం నీడలో పుట్టాయి; కొన్ని దాని ఆజ్ఞతో, కొన్ని దాన్ని ధిక్కరించి. వాటి అమరికలోనే ఆ సంబంధం అచ్చుపడి ఉంది. కనుక వాటిని సంప్రదించేవాడు వాటి పుట్టుకను కూడా చదవాలి.

హాన్ సామ్రాజ్యకాలపు షు షెన్‌తో మొదలుపెడతాను. చైనీ లిపిలోని అక్షరాలను రూపాన్నిబట్టి విడదీసి వివరించిన తొలి మహాగ్రంథం షువోవెన్ జియేజి ఆయనది. క్రీ.శ. 100లో ముగించాడు. రాజసభకు అది చేరింది మాత్రం 121లో, తండ్రి జబ్బుపడి ఉండగా కొడుకు సమర్పించినప్పుడు. 9,353 అక్షరాలను 540 వర్గాలుగా పంచాడు. అప్పటికి వాడుకలోకి వచ్చిన కొత్త రాత చూసి, అక్షరాల ఆకారానికి తోచిన అర్థాలు చెబుతూ, న్యాయసూత్రాలకు సైతం అలాగే భాష్యాలు చెప్పేస్తున్నారని ఆయన ఆవేదన. పాత రూపం తెలియనిదే పాత గ్రంథం తెలియదన్నాడు. గమనించవలసింది ఆయన పాటించిన వరస. మొదటి వర్గం 'ఒకటి' అనే సంఖ్య. చివరిది కాలచక్రంలోని పన్నెండు శాఖల్లో కడపటిది. ఏకం నుంచి బయలుదేరి సృష్టి అంతా తిరిగి కాలం ముగిసేచోట ఆగుతుంది ఆ గ్రంథం. మాట వెతుక్కునేవాడికి అదేమీ సుఖమైన వరస కాదు. కానీ హాన్ పండితుడికి ప్రపంచం ఎలా కనిపించిందో తెలుసుకోవాలంటే ఆ వరసే చాలు.

ఆ వరసను 1615లో మెయ్ యింగ్జువో అనే మింగ్ కాలపు పండితుడు పక్కన పెట్టాడు. 540 వర్గాలను 214కు కుదించి, గీతల సంఖ్యనుబట్టి పేర్చాడు. చైనీ నిఘంటువు తెరిచే ప్రతి విద్యార్థి నేటికీ నేర్చుకునే పద్ధతి అదే. సముద్రాన్ని సూచించే అక్షరం కావాలనుకోండి. ఎడమవైపు మూడు చుక్కలు నీటికి గుర్తు. నీరు 214లో 85వ మూలచిహ్నం. ఆ భాగానికి వెళ్ళి, మిగిలిన గీతలు లెక్కపెట్టుకుని, అన్ని గీతలున్న గుంపులో వెతకాలి. తత్త్వజ్ఞానం అక్కర్లేదు, లెక్క వస్తే చాలు. చదువు చిన్న ఉద్యోగుల దాకా, వర్తకుల దాకా పాకిన మింగ్ సమాజానికి తగిన మార్పు ఇది. మంచూ చక్రవర్తి కాంగ్షీ 1710లో ఆజ్ఞాపించగా 1716లో పూర్తయిన మహానిఘంటువు ఈ 214 చిహ్నాలనే తీసుకుంది. అందులో 47,035 అక్షరాలున్నాయి. పేరు చక్రవర్తిది. పద్ధతి మెయ్ యింగ్జువోది.

చక్రవర్తి పేరు పెట్టుకున్న నిఘంటువులో తప్పులుంటాయా? ఉంటాయన్నవాడు వాంగ్ షీహౌ. జియాంగ్షీ రాష్ట్రానికి చెందిన సామాన్య పండితుడు. కాంగ్షీ నిఘంటువు వాడకానికి వీలుగా లేదని, అర్థాలనుబట్టి అక్షరాలను కలుపుతూ తానొక కొత్త నిఘంటువు తయారుచేశాడు. చక్రవర్తుల సొంతపేర్లలోని అక్షరాలు ఎవరూ రాయకూడదన్నది ఆనాటి నియమం. ఏ అక్షరాలు రాయకూడదో చదువరులకు తెలియాలని వాంగ్ పీఠికలో వాటినే పూర్తిగా రాసి చూపాడు. నియమం నేర్పబోయి నియమం తప్పాడు. ఫిర్యాదు వెళ్ళింది. పండితపట్టం తీసేస్తే చాలునని సూచించిన రాష్ట్ర గవర్నరు మీద చ్యెన్‌లాంగ్ చక్రవర్తి మండిపడ్డాడు. 1777లో వాంగ్‌కు మరణశిక్ష పడింది, కుటుంబం శిక్షల పాలైంది, పుస్తకాలు తగలబెట్టారు. గవర్నరు కూడా పదవి పోగొట్టుకున్నాడు. అర్ధశతాబ్దం తరవాత, 1831లో, వాంగ్ యిన్‌జీ అనే ప్రభుత్వ పండితుడు రాజాజ్ఞతోనే కాంగ్షీ నిఘంటువులో 2,588 తప్పులు దిద్దాడు. తప్పులుండడం నేరం కాదు. వాటిని ఎవరు, ఎవరి అనుమతితో చూపించారన్నదే అసలు ప్రశ్న.

వాంగ్ షీహౌ మీద విచారణ జరుగుతున్న రోజుల్లోనే పెకింగులో మానవచరిత్రలోని అతిపెద్ద గ్రంథసంకలనాల్లో ఒకటి తయారవుతోంది. 1773లో మొదలైన సికు ఛ్వాన్షు, అంటే నాలుగు భాండాగారాల సంపూర్ణ సంకలనం. దేశం నలుమూలల నుంచీ పుస్తకాలు తెప్పించారు. 3,800 మందికి పైగా లేఖకులు కూర్చుని చేతిరాతతో ఏడు ప్రతులు సిద్ధం చేశారు. జీ యున్ సంపాదకత్వంలో దానితోపాటు తయారైన వివరణాత్మక సూచికలో 10 వేలకు పైగా గ్రంథాల పరిచయాలున్నాయి. చైనీ సాహిత్యం మీద పనిచేసేవారు ఈనాటికీ మొదట చేత్తో అందుకునేది ఆ సూచికనే. కానీ పుస్తకాలు తెప్పించినవారే వాటిని జల్లెడ పట్టారు. మంచూలను కించపరిచినవిగా తోచినవి కాల్చారు, కొన్నింట్లో వాక్యాలు మార్చారు. నశించిన గ్రంథాలు సుమారు 3,000 ఉంటాయని చరిత్రకారుల అంచనా. ఒకే ప్రభుత్వం, ఒకే కాలం, ఒకే కార్యాలయం: గ్రంథరక్షణా గ్రంథదహనమూ రెండూ అక్కడే. నా దృష్టిలో సికు సూచికను ఈ జ్ఞానం లేకుండా వాడడం పరిశోధకుడికి తగదు. అందులో లేని పుస్తకం లేనట్టు కాదు. లేకుండా చేసినట్టు కావచ్చు.

పుస్తకాలు పోగుచేయించిన రాజ్యమే దెబ్బతిన్నప్పుడు ఏమవుతుంది? సికు ఏడు ప్రతుల్లో రెండు తైపింగ్ తిరుగుబాటు యుద్ధాల్లో పోయాయి. ఒకటి 1860లో ఆంగ్ల, ఫ్రెంచి సైన్యాలు వేసవి రాజప్రాసాదాన్ని తగలబెట్టినప్పుడు బూడిదైంది. ఆ ఏడాది పెకింగు మీదికి నడిచిన బ్రిటిషు సైన్యంలో మద్రాసు సాపర్లున్నారని మనం కూడా గుర్తుంచుకోవలసిందే. అంతకు ముందు మింగ్ చక్రవర్తి యోంగ్లె 1403, 1408 మధ్య చేయించిన మహాసంకలనంలో 22,937 అధ్యాయాలు, 11,095 సంపుటాలు ఉండేవి. ఇప్పుడు ప్రపంచమంతా వెతికితే 400 సంపుటాల పైచిలుకు.

కొరియా దారి వేరు. జోసన్ రాజవంశపు దినచర్యలు 1392 నుంచి 1863 దాకా 25 మంది రాజుల పాలనను రోజువారీగా చెబుతాయి. రాజు బతికి ఉండగా చరిత్రలేఖకులు సభలో కూర్చుని చిత్తు రాసుకునేవారు. రాజు పోయాకే సంకలనం. ఆ రాతల్ని చూసే హక్కు రాజుకు లేదు. తండ్రి దినచర్య చూడాలని సెజాంగ్ అంతటి రాజు అడిగితే మంత్రులు వద్దన్నారు, ఆయన తగ్గాడు. ఆ తండ్రి తేజాంగ్ 1404లో వేటలో గుర్రం మీంచి పడ్డాడు. లేవగానే అటూ ఇటూ చూసి, ఈ సంగతి చరిత్రలేఖకుడికి తెలియనీయకండి అన్నాడు. గుర్రం మీంచి పడిన సంగతీ, తెలియనీయవద్దన్న మాటా రెండూ దినచర్యలో ఉన్నాయి. చ్యెన్‌లాంగ్ చక్రవర్తికి ఇలాంటి పుస్తకం అర్థమయ్యేదా అని నాకు సందేహం.

నియమం ఎంత గట్టిదైనా కాగితం కాలిపోతుంది. కొరియన్లు నాలుగు ఊళ్ళలో నాలుగు ప్రతులు దాచారు. 1592 జపాన్ దండయాత్రలో మూడు పోయాయి. జంజు ఊళ్ళోని నాలుగోది మిగిలిందంటే ఆన్ ఉయి, సన్ హాంగ్‌రాక్ అనే ఇద్దరు స్థానిక పండితులు పెట్టెలు నేజాంగ్ కొండల్లోకి మోసుకుపోయి కావలి కాయడం వల్ల. వాళ్ళు అధికారులు కారు. వాళ్ళకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. ఈనాడు ఆ దినచర్య మొత్తం ఎవరైనా డబ్బు కట్టకుండా అంతర్జాలంలో చదువుకోవచ్చు. దాని వెనక ఆ కొండదారి ఉంది.

ఆ తరవాతి కథ మన తరానికి ఇంకా దగ్గరిది. జపాన్ వలసపాలనలో కొరియన్ భాషకు సొంత నిఘంటువు కావాలని 1929లో కొందరు సంఘం కట్టారు. ఊరూరి పలుకులు సేకరించారు, వర్ణక్రమం స్థిరపరిచారు, చేతిరాత ప్రతులు పేరుకున్నాయి. 1942లో ఆ భాషాసంఘం మీద అరెస్టులు మొదలయ్యాయి. నిఘంటువు తయారీయే స్వాతంత్ర్యోద్యమమని ఆరోపణ. అభియోగంలో అబద్ధమేమీ లేదనే అనాలి. లీ యున్‌జే, హాన్ జింగ్ జైల్లోనే ప్రాణాలు వదిలారు. చేతిరాత ప్రతులు సాక్ష్యంగా పోలీసుల పాలయ్యాయి. 1945లో జపాన్ లొంగిపోయాక, సెప్టెంబరు 8న, సియోల్ రైల్వేస్టేషను సరుకుల గిడ్డంగిలో ఆ కాగితాల కట్టలు బయటపడ్డాయి. అప్పీలు విచారణకని రవాణా చేసిన సరుకు, అడిగేవాడు లేక అక్కడే పడి ఉంది. 1947లో తొలి సంపుటం, 1957లో ఆరోది, చివరిది. లక్షా 60 వేలకు పైగా మాటలు.

ఆ నిఘంటువును ఈనాడు భాషాశాస్త్రం కోసమే తెరిచేవారు దాని ఉచ్చారణలో, ఉదాహరణల ఎంపికలో కొన్ని లోపాలు చూపవచ్చు. తరవాతి నిఘంటువులు దాన్ని దాటిపోయాయి కూడా. అయినా ఒక మాట ఎందుకు ఈ రూపంలో ప్రామాణికమైందో తెలుసుకోవాలంటే 1930ల నాటి ఆ చర్చల దాకా వెళ్ళవలసిందే.

జపానులో పని ఎక్కువగా ప్రైవేటు చేతుల్లో నడిచింది. ఏడేళ్ళకే చూపు పోయిన హనావా హోకిఇచి 1779లో మొదలుపెట్టి, నలభయ్యేళ్ళలో అరుదైన పాత గ్రంథాలను ఏరి, చెక్కదిమ్మెల మీద చెక్కించి అచ్చువేశాడు. ఇతరులు చదువుతుంటే విని గుర్తుపెట్టుకోవడమే ఆయన సాధనం. 17,244 దిమ్మెలు నేటికీ తోక్యోలో ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో మొరోహషి తెత్సుజి తైషూకాన్ అనే ప్రచురణ సంస్థకు చైనీ–జపనీ మహానిఘంటువు కూర్చాడు. మొదటి సంపుటం 1943లో వచ్చింది. 1945 ఫిబ్రవరి వైమానిక దాడిలో అచ్చుపలకలన్నీ కాలిపోయాయి. ప్రూఫు ప్రతులు వేరువేరు చోట్ల దాచి ఉండడం వల్ల పని చావలేదు. మొరోహషికి చూపు దాదాపు పోయింది. కాలిన సీసపు అక్షరాల బదులు ఇషీ మొకిచి ఏళ్ళ తరబడి ఒక్కో అక్షరమూ గీసి ఛాయాచిత్ర పద్ధతిలో కూర్పు సాధ్యం చేశాడు. 1955 నుంచి 1960 దాకా 13 సంపుటాలు వచ్చాయి. దాదాపు 50 వేల అక్షరాలు, ఐదు లక్షలకు పైగా సమాసపదాలు. చైనీ గ్రంథాలు చదివే చైనా పండితులు కూడా చాలాకాలం జపానులో అచ్చయిన ఈ నిఘంటువునే తిరగేశారు.

ఇక మనవైపు. ఐరోపా భాషల్లోకి చైనీ నిఘంటువులు వచ్చింది వర్తకం, మతప్రచారం వెంట. రాబర్ట్ మారిసన్ చైనీ–ఇంగ్లీషు నిఘంటువును 1815, 1823 మధ్య మకావులో అచ్చువేసింది మన ఈస్టిండియా కంపెనీ డబ్బే. విదేశీయుడికి చైనీ నేర్పడం ఆనాడు చైనాలో శిక్షార్హమైన నేరం. కలకత్తా పక్కన శ్రీరాంపురంలో 1814లో జాషువా మార్ష్‌మన్ చైనీ వ్యాకరణం వెలువడింది. అదే ఏడాది అదే ముద్రణాలయం నుంచి విలియం కేరీ తెలుగు వ్యాకరణం వచ్చింది. ఒకే కప్పు కింద తెలుగు అచ్చులూ చైనీ అచ్చులూ పోతపోశారు.  మన భాషల ఆధునిక ఆకరగ్రంథాల చరిత్ర, చైనీ చరిత్రా ఒక గదిలో కలుసుకున్నాయన్నది ఊహ కాదు.

ఆంధ్రదేశ చరిత్రకు చైనీ ఆకరగ్రంథాల అవసరం ఎంత ఉందో ఒక్క ఉదాహరణతో చెబుతాను. హ్యూయన్‌త్సాంగ్ ఏడో శతాబ్దంలో మన దేశంలో తిరిగి, 645లో చైనా రాజధాని చాంగాన్‌కు చేరుకుని, మరుసటి ఏడాది యాత్రాగ్రంథం సమర్పించాడు. అందులో ఒక రాజ్యం పేరు ఐదు చైనీ అక్షరాల్లో ఉంది. ఈనాటి పెకింగు ఉచ్చారణలో చదివితే త్వో, నా, జ్యే, జ, జ్యా. ఇది విన్న తెలుగువాడికి ఏ ఊరూ గుర్తుకు రాదు. ఇప్పుడు 601 నాటి ఛ్యేయున్ అనే ప్రాసనిఘంటువు తెరవాలి. లూ ఫాయన్ ఇంట్లో ఒక రాత్రి ఎనిమిది మంది విద్వాంసులు కూర్చుని ఉత్తర దక్షిణ ఉచ్చారణలను తూచి చర్చించారు. ఆ టిప్పణాల మీద ఆయన తరవాత కట్టిన గ్రంథమది. ఒక అక్షరం పలుకును మరో రెండు అక్షరాలతో చెబుతుంది: మొదటిదాని నుంచి తొలి హల్లు, రెండోదాని నుంచి మిగతాది. తరవాతి పండితులు ఈ ధ్వనులను పట్టికలుగా అమర్చినప్పుడు సంస్కృత వర్ణక్రమం తెలిసిన బౌద్ధభిక్షువుల ప్రభావం అందులో ఉంది. ఆ పట్టికల ఆధారంతో భాషాశాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ కార్ల్‌గ్రెన్ ఇరవయ్యో శతాబ్దంలో పాత ఉచ్చారణను పునర్నిర్మించాడు. ఆ లెక్కన ఐదక్షరాలు ఇంచుమించు ద, న, కత్, టక్, క అవుతాయి. మూడోదాని చివరి హల్లు నాలుగోదానిలో, నాలుగోదాని చివరిది ఐదోదానిలో కలిసిపోతాయి. ధనకటకం. మన ధాన్యకటకం.

పేరును పోల్చుకున్న గౌరవం కార్ల్‌గ్రెన్‌ది కాదు. పారిస్ పండితుడు స్టానిస్లాస్ జూలియన్ బౌద్ధగ్రంథాల్లోని వేలాది పేర్లను సంస్కృతంతో సరిపోల్చి, ఏ చైనీ అక్షరం ఏ సంస్కృతాక్షరానికి వస్తుందో 1861లోనే పట్టిక వేశాడు. ఆ పుస్తకం లేకపోతే కన్నింగ్‌హామ్ తరం పురావస్తువేత్తలకు చేతిలో దిక్సూచి లేదు. ఆ రాజ్యపు రాజధాని విజయవాడా అమరావతా అని పందొమ్మిదో శతాబ్దంలో జరిగిన వాదం కూడా ఈ పఠనాల మీద నిలబడిందే. అమరావతి స్తూపం ముందు నిలబడి ఆ శిల్పాలను చూసేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

మనం మాత్రం హ్యూయన్‌త్సాంగ్‌ను ఎక్కువగా శామ్యూల్ బీల్ 1884 ఇంగ్లీషు అనువాదం, థామస్ వాటర్స్ 1904–05 వ్యాఖ్య ఆధారంగానే ఉటంకిస్తున్నాం. బీల్ తరవాత చైనీ భాషాశాస్త్రం నూటనలభై ఏళ్ళు ముందుకు నడిచింది. ఆయన పేర్ల రూపాలు మన చరిత్రపుస్తకాల్లో ఇంకా కదలకుండా ఉన్నాయి. ఎండిమియన్ విల్కిన్‌సన్ 1973లో చిన్న మార్గదర్శిగా మొదలుపెట్టి ఈ శతాబ్దంలో వెయ్యి పుటలు దాటించిన చైనా చరిత్ర కరదీపిక, ఏ పుస్తకాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పే పని చేస్తుంది. ఆయన వృత్తిరీత్యా దౌత్యవేత్త. 1994 నుంచి 2001 దాకా పెకింగులో ఐరోపా సమాఖ్య రాయబారి. ఆకరగ్రంథాన్ని విమర్శించే ఆకరగ్రంథం అది. అలాంటిది మన శాసనాలకు, మన స్థానిక చరిత్రలకు ఇంకా రాలేదు.

ఇక్కడికి వచ్చిన యువ పరిశోధకులకు నా విన్నపం. పెనుకొండ పక్కన కొరియా కార్ల కర్మాగారం వచ్చాక మన పిల్లలు కొరియన్ నేర్చుకుంటున్నారు. హైదరాబాదులో చైనీ, జపనీ నేర్పే తరగతులున్నాయి. నేర్చుకున్న భాషను కొలువులకే వదిలేయకండి. హ్యూయన్‌త్సాంగ్ మూలం జపాన్ బౌద్ధత్రిపిటక సంకలనమైన తైషోలో 51వ సంపుటంలో ఉంది. అంతర్జాలంలో ఉచితంగానే దొరుకుతుంది. అందులో ఆంధ్రదేశానికి సంబంధించిన భాగం కొద్ది పుటలే. అందులోని ప్రతి పేరుకూ చైనీ అక్షరాలు, ఛ్యేయున్ నాటి ఉచ్చారణ, సంస్కృత రూపం, మన శాసనాల్లోని రూపం వరుసగా ఇచ్చే ఒక పట్టికను తెలుగులో చేయండి. బీల్, వాటర్స్ పాఠాలతో ఎక్కడ తేడా వచ్చిందో పక్కనే రాయండి. ఎవరెవరు ఏ పేరును ఏ కారణంతో ఒప్పుకున్నారో, ఒప్పుకోలేదో అదీ చేర్చండి. ఒక్కరు చేయవద్దు, నలుగురు కలిసి చేయండి, ప్రతిని నాలుగు చోట్ల దాచండి. లక్ష్మణరావుగారి విజ్ఞాన సర్వస్వానికి ఆ నలుగురు దొరకలేదు.